డ్రోన్‌ని బీరువాలో పెట్టకమ్మా

అమ్మాయీ,

ఆశీస్సులు. మీ హైస్కూల్లో డ్రోన్ క్లబ్ పెట్టడానికి హెడ్మాస్టరు గారు సరేనన్నారని, ఊరి దాత ఒకరు డబ్బు ఇస్తామన్నారని నువ్వు రాసింది చదివి చాలా సంతోషించాను. ఏ డ్రోన్ కొనాలో చెప్పమన్నావు. చెబుతాను. కానీ కొన్నాక అది ఎవరి చేతిలో ఉంటుందో ముందు తేల్చుకోవాలి.

మన బడుల్లో ఖరీదైన వస్తువు వస్తే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? స్టాక్ రిజిస్టర్లోకి ఎక్కుతుంది, బీరువాలోకి పోతుంది, ఇన్‌స్పెక్షన్ రోజున బయటికొస్తుంది. నా సర్వీసులో బూజు పట్టిన మైక్రోస్కోపులు ఎన్ని చూశానో. ఎవరికీ పిల్లల మీద కోపం లేదు. విరిగితే జవాబు చెప్పాల్సింది సంతకం పెట్టిన టీచరే, అదే అసలు భయం. డ్రోన్ అయితే తప్పకుండా పడుతుంది, తప్పకుండా విరుగుతుంది. కాబట్టి ఆ భయానికి మొదటిరోజే దారి చూడు. తల్లిదండ్రుల కమిటీ మీటింగులో తీర్మానం రాయించు: పిల్లలు నేర్చుకునేటప్పుడు డ్రోన్లు పడతాయి, రెక్కలు, మోటార్లు, బ్యాటరీలు మార్చాల్సి వస్తుంది, అందుకు పిల్లలెవరి దగ్గరా డబ్బు వసూలు చెయ్యం అని. రిజిస్టర్లో కూడా వీటిని సుద్దముక్కల్లాగే అయిపోయే సామాను కింద రాయించు. ఈ రెండు కాగితాలూ ఉంటే నీకు టెన్షన్ ఉండదు, పిల్లలకూ ఉండదు.

ఇక కొనడం. దాతగారు అడుగుతారు, "మంచిది, పెద్దది, కెమెరా ఉన్నది ఒకటి కొనండి, నా పేరు రాయించండి" అని. మర్యాదగా ఒప్పించి, అదే డబ్బుతో చిన్నవి ఐదారు కొను. ఒక్కటే ఉంటే ఇద్దరు ఎగరేస్తారు, నలభైమంది చూస్తారు. ఆ ఇద్దరూ ఎప్పుడూ ముందు బెంచీవాళ్లే అవుతారు. చిన్నవంటే 250 గ్రాములు దాటనివి. మన దేశపు 2021 డ్రోన్ రూల్స్‌లో వీటిని నానో అంటారు. 250 గ్రాములు దాటి 2 కిలోల దాకా ఉంటే మైక్రో, ఆపైన 25 కిలోల దాకా స్మాల్. పొలాల్లో మందు కొట్టే 10 లీటర్ల ట్యాంకు డ్రోన్ స్మాల్ కిందికే వస్తుంది. అట్టపెట్టె మీది బరువు నమ్మకు. బ్యాటరీ పెట్టి, రెక్కల చుట్టూ గార్డులు బిగించి, కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద తూయించు. పిల్లల చేతే తూయించు, ఇది వాళ్ల మొదటి పాఠం.

దాతగారిచ్చే డబ్బులో మూడోవంతు విడిభాగాలకు ఉంచుకో. డ్రోన్‌కు మూడు బ్యాటరీలు, రెక్కల సెట్లు బోలెడు, నాలుగైదు మోటార్లు, చిన్న స్క్రూడ్రైవర్లు, వోల్టేజి కొలవడానికి ఒక మల్టీమీటర్. మోటారు విడిగా అమ్మని కంపెనీ డ్రోన్ ఎంత చవకైనా వద్దు. జీఎస్టీ బిల్లు తీసుకో. విదేశాల్లో తయారైన పూర్తి డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలో కేంద్రం నిషేధించింది. బ్యాగులో పెట్టుకుని ఎవరో తెచ్చింది స్కూలుకి ఇస్తామంటే వద్దని చెప్పు. విడిభాగాలకు ఆ నిషేధం లేదు.

రూల్స్ సంగతి. నానో డ్రోన్‌కు టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్‌కు ఇచ్చే ధ్రువపత్రం), పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ నంబరు విషయం మాత్రం కొనేటప్పుడే అమ్మేవాళ్లతో కాగితం మీద తేల్చుకో. ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని చోట, తమ ఆవరణలోపల, పరిశోధనకు, పరీక్షలకు ఎగరేసుకోవడానికి అవే రూల్స్‌లో మినహాయింపు ఉంది. దాన్ని పట్టుకుని వార్షికోత్సవంలో జనం నెత్తిమీద పూలు చల్లించమంటే మాత్రం ఎవరడిగినా ఒప్పుకోకు. తప్పకుండా అడుగుతారు.

మీ బడి ఏ జోన్‌లో ఉందో ముందు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైట్ మ్యాపులో చూడు. మీకు గన్నవరం ఎయిర్‌పోర్టు దగ్గర కాబట్టి ఇది మరీ ముఖ్యం. ఎయిర్‌పోర్టు సరిహద్దుకు 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్య ఉంటే నేల నుంచే యెల్లో జోన్, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల దాకా గ్రీన్. అది దాటితే, రెడ్ (ఎగరేయకూడని జోన్) కాని చోట, 400 అడుగుల దాకా గ్రీన్. నీ పిల్లలకు ఇరవై అడుగులు చాలు గానీ, లెక్క లెక్కే. 8 కిలోమీటర్ల లోపే అని తేలితే బయట ఎగరేసే ఆలోచన మానుకుని భోజనాల హాల్లో నేర్పు. నన్నడిగితే ఎక్కడైనా సరే మొదటి రెండు నెలలూ హాల్లోనే మంచిది, గాలి బాధ ఉండదు. పెద్దవాళ్ల పర్యటనలప్పుడు ఎస్పీ స్థాయి అధికారి 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్ ప్రకటించొచ్చు. విజయవాడ చుట్టుపక్కల అలాంటి రోజులు తక్కువేం కాదు. మొదలుపెట్టే ముందు పోలీస్ స్టేషన్లో ఎస్సై గారికి ఒక ఉత్తరం ఇచ్చి, రసీదు తీసుకుని ఫైల్లో పెట్టు.

మొదటి ఏడు కెమెరా వద్దు. మా బడి గోడ పక్కన పెరడున్న ఒకావిడ ఒకసారి వచ్చి అడిగింది, "సార్, మేం పెరట్లో స్నానాలు చేస్తాం, ఆ మిషను ఏం తీస్తోంది?" అని. మాది కెమెరా లేనిది కాబట్టి చేతికిచ్చి చూపించాను. తిప్పి తిప్పి చూసి, వాళ్ల మనవరాలిని క్లబ్బులో చేర్చి వెళ్లింది. కెమెరా ఉంటే ఆ రోజు ఆమెకు ఏం చెప్పినా నమ్మేది కాదు.

బయట ఎగరేసేటప్పుడు గ్రౌండులో పాత ఫ్లెక్సీ ఒకటి పరిచి దానిమీంచి లేపించు. మట్టిలో నుంచి లేపితే దుమ్ము మోటార్లలోకి పోతుంది, వెంట్రుకలు, దారప్పోగులు ఇరుసుకు చుట్టుకుంటాయి. చుట్టూ వల కట్టు. కొనక్కర్లేదు. కైకలూరు వైపు చేపల చెరువుల మీద పక్షులు వాలకుండా కట్టే వల పాతబడితే తీసేస్తుంటారు, అది వాలీబాల్ పోల్స్‌కి కట్టుకుంటే బ్రహ్మాండంగా పనికొస్తుంది. ప్రేయర్ అయిన వెంటనే ఉండే గంట మంచిది. మధ్యాహ్నం గాలి లేస్తుంది, అరచెయ్యంత డ్రోన్‌ని గోడ అవతలికి లాక్కుపోతుంది. నీళ్ల ట్యాంకుకి తేనెపట్టు ఉంటే ఆ వైపే వద్దు, ఆ రొదకు ఈగలు లేస్తాయి. సంక్రాంతి రోజుల్లో మాంజా దారం కంటికి కనపడదు. ఆ పది రోజులూ హాల్లోనే.

ఇక బ్యాటరీ గురించి కాస్త ఎక్కువ రాస్తాను. నిజంగా ప్రమాదం ఉన్నది ఇక్కడే. ఇవి లిథియం పాలిమర్ బ్యాటరీలు. ఒక్కో సెల్ నిండుగా ఉంటే 4.2 వోల్టులు, వాడుతూ 3.3 కంటే కిందికి దించకూడదు, పక్కన పెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. ఎగిరి దిగిన బ్యాటరీ వేడిగా ఉంటుంది, అది చల్లారాకే చార్జింగ్. చార్జింగ్ పెట్టి ఎవరూ ఇంటికి పోకూడదు. రాత్రంతా పెట్టి ఉంచడం అసలే కుదరదు. సిమెంటు గచ్చు మీద, కాగితాలకు, కర్టెన్లకు దూరంగా పెట్టండి, పక్కన ఇసుక బకెట్ ఉండాలి. ఉబ్బిన బ్యాటరీని ఎంత బాగా పనిచేస్తున్నా వాడొద్దు. వేలితో నొక్కి చూడటం, సూదితో పొడవటం కుర్రాళ్లకు సరదా. అలా చేస్తే అంటుకుంటుందని మొదటిరోజే గట్టిగా చెప్పు. ప్రతి బ్యాటరీకి మార్కర్‌తో నంబరు వేయించి, చార్జింగ్‌కి ముందు, ఎగిరాక వోల్టేజి ఒక నోటుబుక్కులో రాయించు. ఈ పని బాగా అల్లరి చేసే కుర్రాడికి అప్పగించు. మా దగ్గర అలాంటివాడు మల్టీమీటరు చేతిలోంచి వదిలేవాడు కాదు, నా కంటే శ్రద్ధగా రాసేవాడు.

లెక్కలు కూడా ఇక్కడే వస్తాయి. 500 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్) బ్యాటరీ అంటే 0.5 ఆంపియర్ అవర్. డ్రోన్ 4 ఆంపియర్లు లాగితే ఎంతసేపు ఎగురుతుంది? ఏడున్నర నిమిషాలు. ఐదోవంతు మిగల్చాలంటే ఆరు నిమిషాలు. పిల్లలు లెక్క కట్టి, గడియారం పెట్టి చూసి, ఐదే వచ్చిందేమని అడుగుతారు. ఆ ప్రశ్న కోసమే మనం ఇదంతా చేస్తున్నాం. తొమ్మిదో తరగతి గమన నియమాలూ అంతే. నాలుగు మోటార్లలో ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు ఒకవైపు, మిగతా రెండు రెండోవైపు తిరుగుతాయి. నాలుగూ ఒకవైపే తిరిగితే డ్రోన్ ఒళ్లు వాటికి ఎదురు దిశలో బొంగరంలా తిరిగిపోతుంది. ఇది బోర్డు మీద చెప్పకు. ఒక డ్రోన్‌కి రెండు పక్కపక్క రెక్కలు మార్చి బిగించి, వల లోపల పెట్టి, అందరినీ బయట నిలబెట్టి, లేపి చూపించు. అది లేవకుండా పక్కకు పల్టీ కొడుతుంది. ఎందుకో వాళ్లనే కనుక్కోమను. కానీ బల్లమీద రిపేరు చేసి మోటారు తిప్పి చూసేటప్పుడు రెక్కలు ఊడదీసి ఉండాలి. ఇది ఒక్కసారి కూడా తప్పకూడదు. జడలు పైకి కట్టుకోవాలి, చున్నీ తీసి పక్కన పెట్టాలి లేదా నడుముకి బిగించాలి, కళ్లకు ప్లాస్టిక్ అద్దాలు ఉండాలి.

నేర్పే వరస గురించి అడిగావు. మొదట కంప్యూటర్ ల్యాబులో సిమ్యులేటర్, అంటే తెరమీద డ్రోన్ ఎగరేసే ప్రోగ్రాం. అక్కడ వందసార్లు పడేసినా రూపాయి పోదు. తర్వాత నేలమీద కబడ్డీ కోర్టుకి గీసినట్టు సున్నంతో మీటరు చదరం గీసి, దానిమీద ఛాతీ ఎత్తులో అర నిమిషం కదలకుండా నిలపమను. చూడటానికి ఏమీ లేనట్టుంటుంది గానీ అన్నిటికీ పునాది అదే. నిలపడం రాకముందే గిరికీలు కొట్టించమని గొడవ చేస్తారు, లొంగకు. తర్వాత చదరం చుట్టూ, ఆపైన రెండు కుర్చీల మధ్య ఎనిమిది అంకె. అందరూ తడబడేది డ్రోన్ ముఖం మనవైపు తిరిగినప్పుడు. కుడికి నొక్కితే ఎడమకు పోయినట్టు కనబడుతుంది. ముందు రెక్కల చేతులకు ఎర్ర టేపు చుట్టించు, ఒక్కొక్కరికీ రోజూ కాసేపు అదే సాధన చేయించు. రెండు మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా పక్కవాళ్లు నవ్వకుండా చూడు, పిల్లలు మానేసేది ఎక్కువగా అక్కడే.

ఎగరేసేటప్పుడు నలుగురు ఒక జట్టు: ఒకరి చేతిలో రిమోట్, ఒకరు ఆకాశాన్నీ మనుషుల్నీ కాపలా కాసేవాళ్లు, ఒకరు బ్యాటరీ, ఒకరు రాసేవాళ్లు. కాపలా ఉన్నవాళ్లు "దించు" అంటే మారుమాట లేకుండా దించాలి, అది ఆరో తరగతి పిల్ల అన్నా సరే. ఈ నాలుగు పనులూ వంతులవారీగా అందరికీ రావాలి. వంతులు నువ్వే రాసి గోడకు అతికించు. పిల్లలకు వదిలేస్తే ఆడపిల్లలకు నోటుబుక్కు, మగపిల్లలకు రిమోట్ పోతుంది. నేను గమనిస్తూనే వచ్చాను, ఎవరూ కావాలని చెయ్యరు, అలా జరిగిపోతుంది. సాయంత్రం బస్సు పోతుందని ఆడపిల్లలు ఆగలేరు కాబట్టి క్లబ్ బడివేళల్లోనే పెట్టించు. ఇళ్లలో సందేహిస్తే డ్రోన్ దీదీ సంగతి చెప్పు. 2023లో కేంద్రం మొదలుపెట్టిన ఆ పథకంలో 15,000 మహిళా సంఘాలకు పొలం పనుల డ్రోన్లు ఇవ్వాలని నిర్ణయించారు. డ్వాక్రా సంఘంలో ఉన్న తల్లికి ఆ మాట ఇట్టే అర్థమవుతుంది.

పిల్లలకు ఇది ఎందుకో విడమరిచి చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు డాబాల మీద చిక్కుకున్నవాళ్లకు డ్రోన్లు అన్నం పొట్లాలు, మందులు అందించడం వాళ్లు చూశారు. మరుసటి నెలలోనే పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు వేశాయి. అడుగుతారు, "మేం కూడా అది చెయ్యొచ్చా టీచర్" అని. నిజం చెప్పు: పైలట్ సర్టిఫికెట్‌కి 18 ఏళ్లు నిండాలి, పది పాసై ఉండాలి, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తించిన చోట శిక్షణ పొందాలి. గుంటూరు లాంలోని ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో, హైదరాబాద్‌లో తెలంగాణ ఏవియేషన్ అకాడమీలో నేర్పుతున్నారు. మీ క్లబ్ ఇచ్చే కాగితం లైసెన్సు కాదని, దాంతో పెళ్లిళ్లకు నానో కంటే పెద్ద డ్రోన్ తిప్పబోతే కేసవుతుందని పదో తరగతి కుర్రాళ్లకు మరీ మరీ చెప్పు.

ఏప్రిల్ వచ్చేసరికి పదోవాళ్లు పరీక్షలైపోయి వెళ్లిపోతారు. ఫిబ్రవరి నుంచే తొమ్మిదోవాళ్లను వాళ్ల పక్కన కూర్చోబెట్టి, రిపేరు పుస్తకం, బ్యాటరీ పుస్తకం అప్పజెప్పించు. సెలవుల్లో బ్యాటరీలు రేకుల గదిలో ఉంచకు, మన ఎండలకు ఉబ్బిపోతాయి. 3.8 దగ్గర పెట్టి చల్లటి గదిలో పెట్టు, నెలకోసారి వోల్టేజి చూసుకో.

వల కావాలంటే ఫోన్ చెయ్యి. కైకలూరులో నాకు తెలిసినవాళ్లు ఉన్నారు, లారీలో వేయిస్తాను.

ఇట్లు
మీ ఫిజిక్స్ మాస్టారు