బీఏ మధ్యలో ఇంజనీరింగ్ వైపు మనసు మళ్లితే: నేను వెళ్లిన దారి

ఇంటర్‌లో హెచ్ఈసీ, ఇప్పుడు బీఏ రెండో ఏడాది, ఇంజనీరింగ్‌కి మారడం కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది. అయితే అమెరికా కాలేజీల్లోలా చదువు మధ్యలో మేజర్ (ప్రధాన సబ్జెక్టు) మార్చుకునే వీలు మన దగ్గర లేదు. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ రాయాలంటే ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ ఉండాలి. అవి లేవు కాబట్టి మీరు పదో తరగతి దాకానో, ఇంటర్ దాకానో వెనక్కి వెళ్లి మొదలుపెట్టాలి. నేను పదో తరగతి దాకా వెళ్లాను.

నాది హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్. నన్ను ఇటు లాగినవి చెరువులు. పాకాల, రామప్ప, లక్నవరం కాకతీయుల కాలంలో కట్టారని క్లాసులో చదువుకున్నాం, పాఠం అక్కడితో అయిపోయేది. కట్ట ఎత్తు ఎలా తేల్చారు? మత్తడి, అంటే చెరువు నిండాక నీరు పొర్లిపోయే చోటు, ఎంత వెడల్పు ఉంటే వరదకి కట్ట తెగకుండా ఉంటుంది? ఆ ప్రశ్నలు నన్ను వదల్లేదు. తర్వాత సివిల్ ఇంజనీరింగ్‌లో హైడ్రాలిక్స్ (నీటి ప్రవాహం గురించిన సబ్జెక్టు) చదివినప్పుడు, మత్తడి మీద నీటి ఎత్తు రెట్టింపైతే పారే నీరు సుమారు 2.8 రెట్లు అవుతుందని తెలిసిన రోజు ఎంత సంబరపడ్డానో చెప్పలేను. నీరు మరీ ఎత్తు లేవకుండానే వరద పారిపోవాలని మా ఊరి చెరువుకి అంత పొడవు మత్తడి పెట్టారని అప్పుడు అర్థమైంది.

బీఏ మానలేదు. రెండో ఏడాదిలో నిర్ణయం తీసుకుని, ఒకవైపు డిగ్రీ పూర్తి చేస్తూనే పదో తరగతి లెక్కలు, సైన్స్ పుస్తకాలు మళ్లీ తీశాను. చివరి ఏడాది పాలిటెక్నిక్ డిప్లొమాలో చేరడానికి పాలీసెట్ రాశాను. అది పదో తరగతి స్థాయి పరీక్ష, 120 ప్రశ్నలు. మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్షతో బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరవచ్చు. ఈసెట్‌లో 200 మార్కులకి సగం మన బ్రాంచి సబ్జెక్టు, 50 లెక్కలు, మిగతావి ఫిజిక్స్, కెమిస్ట్రీ. అంటే మొత్తం ఆరేళ్లు. ఇంట్లోవాళ్లకి ఈ లెక్క ముందే చెప్పండి, దాచిపెట్టకండి.

డిప్లొమా మొదటి ఏడాది నిజంగా కష్టం. పది పాసై వచ్చిన పిల్లల మధ్య కూర్చోవాలి, వాళ్లు 'అన్నా' అని పిలుస్తారు. త్రికోణమితి, ఆ తర్వాత కలనగణితం నన్ను బాగా ఏడిపించాయి. రోజూ చేత్తో లెక్కలు వేయడం తప్ప వేరే ఉపాయం లేదు. ఇంజనీరింగ్ డ్రాయింగ్ మాత్రం ఎందుకో త్వరగా పట్టుబడింది. ప్రాజెక్టు రిపోర్టులు రాసేటప్పుడు బీఏ చదువు చాలా పనికొచ్చింది. పెద్ద డాక్యుమెంటు చదివి అసలు సంగతి పట్టుకోవడం అక్కడే నేర్చుకున్నాను.

ఇంకో దారి ఓపెన్ స్కూల్. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీతో ఇంటర్ స్థాయి మళ్లీ రాసి ఎప్‌సెట్‌కి వెళ్లడం. ఏడాది కలిసొస్తుంది గానీ, ఇంట్లో ఒక్కరే కూర్చుని ఇంటర్ లెక్కలు నేర్చుకోగలరా అన్నది ఆలోచించుకోండి. నావల్ల అయ్యేది కాదు, క్లాసు కావాలి నాకు.

కోరిక కంప్యూటర్ వైపైతే ఇంత చుట్టు తిరగక్కర్లేదు. ఐఐటీ మద్రాస్ డేటా సైన్స్ బీఎస్ ఆన్‌లైన్‌లో ఉంది. ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫరవాలేదు, పదిలో లెక్కలు, ఇంగ్లీష్ ఉంటే చాలు. జేఈఈ అక్కర్లేదు, నాలుగు వారాల పాఠాల తర్వాత క్వాలిఫయర్ (అర్హత పరీక్ష) పాసవ్వాలి. రెండు డిగ్రీలు ఒకేసారి చదవడానికి 2022లో యూజీసీ అనుమతిచ్చింది కాబట్టి బీఏతో పాటే చేయవచ్చు. అయితే అది బీటెక్ కాదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ బీఏకి తీసుకుని ఉంటే, కొత్త కోర్సుకి మళ్లీ వస్తుందో లేదో చేరకముందే కాలేజీ ఆఫీసులో అడగండి. మీకు ఏ బ్రాంచి మీద మనసుందో, పదిలో లెక్కలు ఎలా చేసేవారో కామెంట్లో రాయండి. సివిల్ అయితే నేను చదివిన పుస్తకాల పేర్లు చెప్తాను.