ప్రాజెక్టు కొనకండి, మీ దుకాణంలోనే ఉంది

ప్రశ్న: మాది కావలి. రొయ్యల మేత దుకాణం నడుపుతాను. మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. జావా, పైథాన్ వచ్చు, ఆన్‌లైన్ సర్టిఫికెట్లూ ఉన్నాయి. మొన్న ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో ‘ప్రాజెక్టు ఎలా ప్లాన్ చేశావు, ఎలా టెస్ట్ చేశావు’ అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదట. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో డబ్బులిస్తే తయారుగా ఇస్తారంటున్నారు. కొనమంటారా, లేక ఇంకో కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: రెండూ వద్దండీ. కొన్న ప్రాజెక్టు రంగు రెండో ప్రశ్నకే బయటపడుతుంది. ‘డేటాబేస్‌లో ఈ టేబుల్ ఎందుకు విడిగా పెట్టావు?’ అంటే నీళ్లు నమలాల్సిందే. కోర్సులు మీ అమ్మాయి ఇప్పటికే చాలా చేసింది. కోడ్ రాయడం వచ్చు. ఒక పనిని అనుకున్న దగ్గర నుంచి వేరేవాళ్లు రోజూ వాడేదాకా తీసుకెళ్లడం ఇంకా చేయలేదు, ఇంటర్వ్యూలో అడిగింది దాని గురించే. పెద్ద ప్రోగ్రాంలు గడువు దాటడం, ఖర్చు పెరగడం, తప్పులతో చేతికి రావడం ఈనాటి తలనొప్పి కాదు. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో సదస్సు పెట్టి మరీ దీన్ని చర్చించారు. కాలేజీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ అని ఈ సబ్జెక్టు ఉంటుంది, పనిని దశలుగా చూపే వాటర్‌ఫాల్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుంటారు, అక్కడితో సరి.

మీరు మేత అరువిచ్చి, రొయ్యల పట్టుబడి అయ్యాక వసూలు చేసుకుంటారు కదా. ఆ ఖాతా పుస్తకమే మీ అమ్మాయి ప్రాజెక్టు.

మొదటి వారం లాప్‌టాప్ తెరవనివ్వకండి. గల్లా పక్కన కూర్చుని చూడమనండి. మన దగ్గర వడ్డీ నెలకు నూటికి ఇంత అని లెక్క. ఇంటర్నెట్‌లో దొరికే ఫార్ములా ఎక్కువగా ఏడాది లెక్కలో ఉంటుంది. లక్ష బాకీకి నూటికి రెండు చొప్పున ఏడాదికి 24,000 రావాలి. రేటు దగ్గర 2 అని కొట్టి ఆ ఫార్ములా వాడితే 2,000 చూపిస్తుంది. రైతు మధ్యలో కొంత కడితే అది ముందు వడ్డీలోకి పోతుందా, అసల్లోకా? వాడకుండా తిరిగిచ్చిన బస్తాలను ఏ తేదీన తగ్గిస్తారు? ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరు రైతులుంటే? ఇవి మీకు నోటికి వచ్చు కాబట్టి అడిగితే తప్ప చెప్పరు. ఆ అమ్మాయి అడిగి, మీ జవాబు రాసుకుని, తిరిగి మీకే చదివి వినిపించాలి. ‘అలా కాదమ్మా’ అని మీరు ఎన్నిసార్లు అంటే అంత మంచిది. కాగితం మీద తప్పు దిద్దితే ఒక గీత, రైతు ముందు బయటపడితే తగాదా.

ఆ తర్వాత కూడా అన్నీ ఒకేసారి తయారుచేయకూడదు. ముందు రైతు పేరు, బస్తాలు, బాకీ, అంతే. అది మీరు వాడుతూ ఉండగా వడ్డీ, ఆ తర్వాత రసీదు. పుస్తకం మాత్రం మూసేయకండి. కొన్నాళ్లు రెండింట్లోనూ రాసి సాయంత్రం సరిపోల్చండి, తేడా వచ్చిన చోటే అసలు చదువు ఉంటుంది.

టెస్టుల దగ్గర మన పిల్లలు బద్ధకిస్తారు. ‘రన్ అయింది సార్’ అంటారు. జావాలో అయినా పైథాన్‌లో అయినా 0.1కి 0.2 కలిపి చూడమనండి, 0.30000000000000004 వస్తుంది. డబ్బును అలా దశాంశాల్లో దాచకూడదు, పైసల్లో పూర్ణాంకంగా దాచాలి. మీరు చేత్తో వేసిన పాత లెక్కలు కొన్ని తీసుకుని ఒక్కోదాన్నీ, ప్రోగ్రాం అదే జవాబు ఇస్తుందో లేదో చూసే టెస్టుగా రాయించండి. కోడ్ మార్చినప్పుడల్లా అవన్నీ మళ్లీ నడవాలి.

శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయినా రాకెట్ లేస్తే మేడెక్కి చూసే అలవాటు మనకు పోలేదు, కాబట్టి ఈ సంగతి మీకు నచ్చుతుంది. 1996 జూన్ 4న యూరప్ వాళ్ల ఏరియాన్ 5 తొలిసారి లేచి 40 సెకన్లలోపే పేలిపోయింది. ఏరియాన్ 4లో ఏ గొడవా లేకుండా పనిచేసిన కోడ్‌నే ఇందులోనూ పెట్టారు. కొత్త రాకెట్ వేగం వేరు, లెక్కలో వచ్చే సంఖ్య పెద్దది. 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల చిన్న చోటులోకి మార్చబోతే పట్టలేదు. కొత్త రాకెట్ దారి లెక్కలతో ఆ భాగాన్ని ముందుగా పరీక్షించి ఉంటే నేలమీదే దొరికేది. ఎవరిదో ఫంక్షన్ కాపీ చేసి అతికించేటప్పుడు మీ అమ్మాయికి ఇది గుర్తుండాలి.

మిగతావి త్వరగా చెప్తాను. కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ తేదీతో దాచిపెట్టే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌ను (లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేశాడు) మొదటి రోజు నుంచే వాడాలి. ప్రతి మార్పుకూ ‘వడ్డీ నెలవారీగా మార్చాను’ అన్నట్టు ఒక వాక్యం రాయాలి, ‘అప్‌డేట్’ అని కాదు. బ్యాచ్‌లో నలుగురుంటే ఒకరు రాసి ముగ్గురు పేర్లు పెట్టుకునే పద్ధతి మానేసి, ఒకరి కోడ్ ఇంకొకరు చదివాకే కలపాలి. రోజూ బ్యాకప్ తీయాలి, తీసినదాన్ని వెనక్కి తెచ్చి చూడాలి కూడా. ఆ రెండోది ఉద్యోగాల్లో ఉన్నవాళ్లే సరిగా చేయరు.

ఇదంతా ఒక సెమిస్టర్ పని. ఈసారి ఇంటర్వ్యూలో గిట్ చరిత్ర తెరిచి, ఏ మార్పు ఎందుకు చేసిందో తేదీలతో సహా చూపించవచ్చు. ఒక్క జాగ్రత్త: గిట్‌లోని కోడ్‌ను ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్ సైట్‌లో అందరికీ కనపడేలా పెట్టేది కోడ్ మాత్రమే. మీ రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, బాకీలు, డేటాబేస్ పాస్‌వర్డ్ అందులోకి పోకూడదు. తర్వాత తీసేసినా పాత కమిట్‌లలో, అంటే ముందు దాచిన మార్పుల్లో, మిగిలే ఉంటాయి, కాబట్టి అక్కడ పెట్టే నమూనా ఖాతాలు మొదటి నుంచీ ఉత్తుత్తి పేర్లతోనే తయారుచేయమనండి.