ఆర్కిటెక్ట్ అంటే ఏ ఆర్కిటెక్ట్?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ చదువుతోంది. ఆర్కిటెక్ట్ అవుతానంటోంది. మా మేనల్లుడు హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆర్కిటెక్టే, మంచి జీతం. కానీ అతను చదివింది బీటెక్. పాపను బీఆర్క్‌లో చేర్పిస్తే అలాంటి ఉద్యోగం వస్తుందా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: రాదండి. పేరు ఒకటే, పనులు వేరు. మీ మేనల్లుడిది ఏళ్ల తరబడి కోడ్ రాశాక కంపెనీ ఇచ్చే హోదా. పెద్ద సాఫ్ట్‌వేర్‌లో ఏ భాగం ఎక్కడుండాలో, దేన్ని దేనితో కలపాలో తేల్చేది అతను. కాలేజీ నుంచి బయటికి రాగానే ఎవరికీ ఆ కుర్చీ ఇవ్వరు.

భవనాల ఆర్కిటెక్ట్‌కి అయిదేళ్ల బీఆర్క్ చదవాలి. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం, ఆ చదువు అయ్యాక కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయితేనే ఈ వృత్తిలో ఆ పేరు పెట్టుకోవచ్చు. అయితే ఈ చట్టం కాపాడేది పేరునే గానీ, ప్లాన్లు గీసే పనిని వాళ్లకే పరిమితం చేయలేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మన ఊళ్లలో ఇంటి ప్లాను సివిల్ ఇంజనీరు చేత గీయించుకోవడం మామూలే కదా.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. పత్రికల్లో ఆర్కిటెక్ట్‌ని వాస్తుశిల్పి అని రాస్తారు. ఆ మాట వినగానే ఇంట్లో పెద్దవాళ్లకి ఈశాన్యం, ఆగ్నేయం చూసే సిద్ధాంతిగారు గుర్తొస్తారు. 'ఆడపిల్ల వాస్తు చెబుతుందా?' అని ఒక నాయనమ్మ నన్ను నిజంగానే అడిగారు. పోనీ స్థపతి అందామా అంటే, ఆ మాట గుడులు కట్టేవారిది, అది మరో విద్య. గ్రీకులో ఆర్కిటెక్ట్ అన్న మాటకి అసలు అర్థం కట్టేవాళ్లలో పెద్ద అని. అంటే మన మేస్త్రీయే! ఆ మేస్త్రీ కూడా పోర్చుగీసు నుంచి వచ్చిన మాటే. మీ గుంటూరు మిర్చి యార్డులో హమాలీల ముఠాని నడిపించేవారినీ మేస్త్రీ అనే పిలుస్తారు. అందుకే ఉద్యోగం పేరు విని చదువు ఎంచుకోవద్దని ఇంతగా చెబుతున్నాను.

పాపని ఒక్కటే అడగండి: రోజంతా ఏ పని చేయాలనుంది? గదిలోకి వెలుతురు ఎటునుంచి వస్తుంది, మెట్లు ఎక్కడ పెడితే ముసలివాళ్లకి సులువు, ఇలాంటివి ఆలోచిస్తూ బొమ్మలు గీయడం ఇష్టమైతే బీఆర్క్ ఆమెదే. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ అంత ఉండకపోవచ్చు, అది ముందే ఒప్పుకోండి. కంప్యూటర్ ముందు కూర్చుని లాజిక్ విప్పడం ఇష్టమైతే బీటెక్.

విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో బీఆర్క్ సీటుకి జేఈఈ మెయిన్ పేపర్ 2ఏ రాయాలి. చాలా కాలేజీలకి నాటా అనే ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష స్కోరు చూస్తారు. పేపర్ 2ఏలో మ్యాథ్స్, ఆప్టిట్యూడ్‌తో పాటు కాగితం మీద గీసే డ్రాయింగ్ కూడా ఉంటుంది. కోచింగ్ గురించి తర్వాత చూద్దాం. ముందు ఒక స్కెచ్ పుస్తకం కొనిచ్చి, నెల రోజులు మీ ఇంటినీ మీ వీధినీ గీయమనండి. తనంతట తానే రోజూ పెన్సిల్ పడుతోందో, మీరు గుర్తుచేస్తేనే పడుతోందో చూసి నాకు మళ్లీ రాయండి.