కష్టాల్లో ప్రార్థన రాకపోతే విశ్వాసం పోయినట్టేనా?

మీరు అడిగింది ఇది: "కష్టాలు వస్తే విశ్వాసం బలపడుతుందంటారు, నాకేమో ఉన్నది కూడా పోతోంది. ప్రార్థనకు కూర్చుంటే మాట రావట్లేదు. లోపం నాలోనే ఉందా?"

లోపం మీలో ఉందని నేను అనుకోవడం లేదు. నేనూ ఆ దారినే నడిచాను.

మా నాన్నకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా పోయింది. వీపు మీద పుండ్లు పడకుండా రాత్రిళ్లు రెండేసి గంటలకోసారి లేచి ఆయన్ని పక్కకు తిప్పేవాళ్లం. చెంచాతో నీళ్లు పడితే సగం పెదవి చివర నుంచి కారిపోయేవి. స్వస్థత కోసం సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది. నాన్న కోలుకోలేదు, ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చాలామంది సాక్ష్యాలు స్వస్థతతోనే ముగుస్తాయి. అలా ముగియని ఇంట్లో ఉన్నవాళ్లకు అవి వింటుంటే ఇంకా భారంగా ఉంటుంది.

ఆ రోజుల్లో నన్ను నిలబెట్టినవి కీర్తనలు. స్తుతి కీర్తనలు కాదు, మొర పెట్టే కీర్తనలు. 13వ కీర్తన "ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అంటూ మొదలవుతుంది. 88వ కీర్తనైతే చివరి మాట వరకు చీకటిలోనే ఉంటుంది, ఓదార్పు వచనం ఒక్కటీ లేకుండా ముగుస్తుంది. దాన్ని కూడా దేవుడు తన వాక్యంలో ఉంచాడు కదా! అది గ్రహించాక నాకు ఏడుస్తూ ప్రార్థించడానికి ధైర్యం వచ్చింది. దేవుడు లేడనుకున్నవాడు ఆయన్ని "ఎన్నాళ్లు?" అని అడగడు. నా విశ్వాసం పెరిగింది సరిగ్గా అక్కడే. జవాబు రాకపోయినా అడగడం ఆపలేదు.

ఒక సాయంత్రం నాన్న పక్కన కూర్చుని 23వ కీర్తన చదువుతున్నాను. తన పేరు కూడా పలకలేని మనిషి, ప్రతి వాక్యం చివరి మాటను నాతో కలిపి పలికారు. చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చినవి అలా మిగిలిపోవడం మామూలేనని డాక్టర్ గారు చెప్పారు. కారణం అదే కావచ్చు. నాకు మాత్రం ఆ సాయంత్రం దేవుడిచ్చిన బహుమానమే.

రోమా పత్రిక 5వ అధ్యాయంలో పౌలు శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలుగజేస్తుందని రాశాడు. మొదట వచ్చేది ఓర్పు, సంతోషం కాదు. ఆ పౌలే తన శరీరంలో ముల్లులా బాధించిన కష్టాన్ని తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న మాట దొరికింది.

ఇక "నీ విశ్వాసం చాలలేదు", "ఏదో పాపం ఉంది" అనేవాళ్లు ఉంటారు. బైబిల్లో కష్టాలపాలైన యోబుతో ఆయన స్నేహితులూ అదే అన్నారు, చివరికి దేవుడి కోపం వాళ్ల మీదే రగిలింది. వాళ్లు చేసిన మంచి పనల్లా మొదటి ఏడు రోజులు ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చోవడం. మీకు కావలసింది అలాంటివాళ్లే. సంఘంలో ఒకరిద్దరిని చూసుకుని, "నాకు ప్రార్థన రావట్లేదు, నా బదులు మీరు చేయండి" అని అడగండి. పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకుని యేసు దగ్గరికి తెచ్చారు, ఆయన వాళ్ల విశ్వాసం చూశాడని మార్కు రాశాడు.

నిద్ర, తిండి సరిగ్గా ఉన్నాయా? ఏలీయా చచ్చిపోతానని పడుకుంటే దూత ముందు లేపి భోజనం పెట్టాడు, ప్రసంగం చేయలేదు. మీకూ బతకాలని లేదనిపిస్తుంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించుకోండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి. అది అవిశ్వాసం కాదు.

ఈ రాత్రికి పెద్ద ప్రార్థన పెట్టుకోకండి. 13వ కీర్తన ఆరు వచనాలే, పైకి చదవండి. నమ్మకం, సంతోషం పలికే చివరి రెండు వచనాలు నోటికి రాకపోతే నాలుగు దగ్గరే ఆపేయండి.