మానేసినవాళ్ల పేర్లు కొట్టెయ్యకు

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

70 దాటినవాళ్లతో ఆరు నెలల వ్యాయామ అధ్యయనం మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెప్పగానే ఎంత పొంగిపోయానో. నువ్వు పంపిన ప్రణాళిక రెండుసార్లు చదివాను. చదివాక మాత్రం నిద్ర సరిగ్గా పట్టలేదు. ఎనభై ఏళ్ల మనిషి మడమ వేళ్లకు తగిలేలా ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి నిలబడి ఉంటారు. నీ చేతిలో స్టాప్‌వాచ్ ఉంటుంది. ఆ పది సెకన్లూ నీ చూపు ఎక్కడుంటుంది? నా బెంగంతా అదే. చూపు మనిషి మీదే ఉండాలి. టైము చూడడానికి ఇంకొకరిని పెట్టుకో. నువ్వు చెయ్యి చాపితే అందేంత దూరంలో పక్కనే నిలబడు. ఎదురుగా నిలబడితే వెనక్కి పడేవాళ్లను ఎవరూ పట్టుకోలేరు.

ఎథిక్స్ కమిటీ అనుమతి, పెద్ద అక్షరాల్లో సమ్మతి పత్రం, వాడుతున్న మందుల జాబితా, మొదటి మనిషిని చేర్చుకోకముందే ట్రయల్ రిజిస్ట్రేషన్: ఇవి నీకు తెలిసినవే, చెప్పను.

బీపీ మాత్రం కూర్చోబెట్టి ఒక్కసారి చూసి వదిలెయ్యకు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి చూడు, లేచి నిలబడ్డాక ఒకటో నిమిషంలోనూ మూడో నిమిషంలోనూ చూడు. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే ఆ రోజు పరీక్షలు ఆపి, ముందు డాక్టరుకు చూపించు. బీటా బ్లాకర్లు (బీపీకి, గుండెకు ఇచ్చే మందులు) వేసుకునేవాళ్లకు గుండె వేగాన్ని బట్టి కష్టాన్ని లెక్కకట్టకు, ఆ మందు గుండెను పరుగెత్తనివ్వదు. మాట్లాడగలుగుతూ పాట పాడలేనంత ఆయాసం ఉంటే మధ్యస్థ శ్రమ అనుకో. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా, మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా అక్కడితో ఆపాలి.

ఇక తిట్లు. వారానికి ఐదు రోజులు నడక మాత్రమే పెట్టి, ఫలితాల్లో 'పడిపోవడం తగ్గుతుందా' అని ఎలా రాశావే? నడక గుండెకు మంచిదే. కానీ పడిపోవడాన్ని ఆపేవి బ్యాలెన్స్ వ్యాయామాలు, కాళ్ల బలం. ఎన్నో అధ్యయనాలను కలిపి చూసే కొక్రేన్ వాళ్ల 2019 నాటి సమీక్షలో 108 ట్రయల్స్, 23 వేలకు పైగా మనుషులు ఉన్నారు. వ్యాయామంతో పడిపోయే రేటు 23 శాతం తగ్గిందని తేలింది. బ్యాలెన్స్ వ్యాయామాల్లో ఆ లాభం స్పష్టంగా కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు కూడా 65 దాటినవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, రెండు రోజులు కండరాల బలం కోసం వ్యాయామం, వీటితో పాటు మూడు రోజులు బ్యాలెన్స్, బలం కలిపిన సాధన చెప్పాయి. నువ్వు మొదటిదే తీసుకున్నావు.

పెద్దవాళ్లని జాలిపడి మరీ తేలిక బరువులు ఇవ్వడం కూడా తప్పే. 1990లో ఫియతరోనే బృందం వృద్ధాశ్రమంలో ఉన్న తొంభై ఏళ్ల బలహీనులతో ఎనిమిది వారాలు గట్టి బరువులే చేయించింది. తొడ కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. చేరినవాళ్లు 10 మంది, పూర్తిచేసినవాళ్లు 9 మంది. ఆ సగటు ఆ తొమ్మిది మందిదని వాళ్లు దాచకుండా రాశారు. ఈ పదీ తొమ్మిదీ గుర్తుపెట్టుకో, మళ్లీ ఇక్కడికే వస్తాను.

కుర్చీ గురించి. చేతులు గుండెల మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమంటావు కదా, ఆ కుర్చీ ఒక్కటే ఉండాలి. సీటు ఎత్తు 43 సెంటీమీటర్లు, మెత్త ఉండకూడదు, వీపు గోడకు ఆనాలి. మొదటి రోజు 43 సెంటీమీటర్ల చెక్క కుర్చీ వేసి, ఆర్నెల్ల తర్వాత ఇంకో గదిలో 46 సెంటీమీటర్లది వేస్తే, మోకాలు అంత వంగక్కర్లేక అందరూ త్వరగా లేస్తారు. ఆ మెరుగుదల కుర్చీది. సీటు కింద టేపు అంటించి దాని మీద ఎత్తు రాసిపెట్టు. ఐదోసారి నిటారుగా నిలబడగానే వాచ్ ఆపు, కూర్చున్నాక కాదు. నాలుగు మీటర్ల నడకలో గీత దాటి ఇంకో రెండడుగులు వెయ్యమని చెప్పు. లేకపోతే గీత దగ్గరకొచ్చేసరికి అందరూ నెమ్మదిస్తారు. ఎవరు వ్యాయామం గ్రూపో, ఎవరు పోల్చి చూడడానికి పెట్టిన కంట్రోల్ గ్రూపో కొలిచే మనిషికి తెలియకూడదు. పెద్దవాళ్లు సంతోషం పట్టలేక 'మా క్లాసు ఎంత బాగుందో' అని చెప్పేస్తారు, చెప్పొద్దని ముందే బతిమాలుకో.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం ఏడో పేజీలో ఉన్న ఒక వాక్యం: 'మధ్యలో మానేసినవారిని విశ్లేషణ నుంచి మినహాయిస్తాం.' మా తరంలో చాలామంది చేసిన తప్పు ఇది, నేనూ చేశాను. అప్పట్లో అది తప్పని కూడా అనిపించలేదు. లెక్కలు శుభ్రంగా ఉన్నాయనే అనిపించేది.

ఇందాకటి పదీ తొమ్మిదీ గుర్తుందా? ఒకరు మానేసిన సంగతి వాళ్లు చెప్పారు. చెప్పకుండా పేర్లు కొట్టేస్తే ఏమవుతుందో ఒక కాగితం మీద వేసి చూడు. పది మంది ఉన్నారనుకో. ఐదుగురు సెకనుకు 1.1 మీటర్ల వేగంతో నడుస్తారు, ఐదుగురు 0.7తో. సగటు 0.9. నెమ్మదిగా నడిచేవాళ్లలో ముగ్గురు మానేశారు. మిగిలిన ఏడుగురి సగటు 0.99. ఒక్కరి నడకా మారలేదు, సగటు మాత్రం 0.09 పెరిగింది. 0.1 పెరిగితే చెప్పుకోదగ్గ మెరుగుదల అని మన రంగంలో అంటారు. ముగ్గురి పేర్లు కొట్టెయ్యడంతోనే దాదాపు అక్కడికి చేరిపోయావు.

'మిగిలిన ఏడుగురి మొదటి కొలతతోనే పోలుస్తాను, అప్పుడు సరిపోతుంది కదా' అంటావు. సరిపోదు తల్లీ. ఈ వయసులో మనుషులు ఊరికే మానెయ్యరు. మోకాలు వాచింది, ఆసుపత్రిలో పడ్డారు, భర్తకు పక్షవాతం వచ్చింది, ఒకసారి తూలి భయపడ్డారు. అంటే ఆర్నెల్లలో దిగజారినవాళ్లే ఎక్కువగా వెళ్లిపోతారు, నిలకడగా ఉన్నవాళ్లే నీ చివరి కొలతకు వస్తారు. పైగా వ్యాయామం గ్రూపులో నొప్పి వచ్చి వెళ్తారు, కంట్రోల్ గ్రూపులో ఏమీ దక్కలేదని వెళ్తారు. లాటరీ వేసి సమానంగా పంచిన రెండు గ్రూపులూ చివరికి సమానంగా ఉండవు. ఇక లాటరీ ఎందుకు వేసినట్టు?

ఆ లాటరీ ఎంత విలువైనదో తెలియాలంటే లండన్ బస్సుల సంగతి చూడు. 1953లో మోరిస్ బృందం కూర్చుని నడిపే డ్రైవర్ల కన్నా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని చూపించింది. మూడేళ్ల తర్వాత వాళ్లే యూనిఫాంల కొలతలు తీసి చూస్తే, డ్రైవర్ల నడుములు చిన్న వయసులోనే లావుగా ఉన్నాయి. ఎవరు ఏ ఉద్యోగంలోకి వెళ్లారన్నదే మొదటినుంచీ సమానం కాదు. ఆ చిక్కు తప్పించడానికే లాటరీ. మానేసినవాళ్లను తీసేస్తే ఆ చిక్కును చేజేతులా వెనక్కి తెచ్చుకున్నట్టే.

అందుకని ఇలా చెయ్యి. వ్యాయామం మానెయ్యడం వేరు, అధ్యయనం మానెయ్యడం వేరు. సమ్మతి పత్రంలో రెండింటికీ వేర్వేరు గళ్లు పెట్టు. 'క్లాసుకు రాను, కానీ ఆర్నెల్లకు మీరు మా ఇంటికొచ్చి కొలుచుకోండి' అనే వీలుండాలి. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు, మనం అడగం. వరసగా రెండు క్లాసులు తప్పితే ఆ వారంలోనే ఫోన్ చేయించు, నిలదీస్తున్నట్టు కాకుండా బాగోగులు కనుక్కుంటున్నట్టు. కారణం వాళ్ల మాటల్లోనే రాసుకో. ఇంటికి వెళ్లేటప్పుడు టేపు, అదే కుర్చీ తీసుకెళ్లు.

ఇంకోటి, ఖాళీ గడి. లేవలేకపోయినందుకు ఖాళీ వదిలారా, ఆ రోజు పరీక్షే చేయించలేదా? రెండూ కంప్యూటర్లో ఒకేలా కనిపిస్తాయి. ఎస్‌పీపీబీలో (బ్యాలెన్స్, నడక, కుర్చీలోంచి లేవడం కలిపి మార్కులు వేసే పరీక్ష) లేవలేనివాళ్లకు ఆ భాగంలో సున్నా వెయ్యాలి. ఆ సున్నా కూడా ఒక కొలతే. మరణాలను విడిగా చెప్పు. తప్పిపోయిన విలువ దగ్గర ఆ మనిషి పాత కొలతే మళ్లీ రాసెయ్యకు. ఈ వయసులో ఏమీ చేయకపోతే తగ్గుతూ పోవడమే సహజం, పాత కొలత పెడితే ఆ తరుగుదలను చెరిపేసినట్టవుతుంది. దానికి ఏ పద్ధతి వాడాలో డేటా రాకముందే స్టాటిస్టీషియన్‌తో కూర్చుని రాయించు. చివరికి 100 మంది కావాలి, 20 శాతం మానేస్తారనుకుంటే 120 మందిని కాదు, 125 మందిని చేర్చుకోవాలి. 100ని 0.8తో భాగించు.

కంట్రోల్ గ్రూపును ఇంట్లో కూర్చోబెట్టకు. మానసిక స్థితికి డబ్ల్యూహెచ్‌ఓ-5 అనే ప్రశ్నావళి పెట్టావు, మంచిదే, ఐదు ప్రశ్నలే. కానీ క్లాసుకు వచ్చేవాళ్లకు వారంలో చాలాసార్లు పలకరించే మనుషులు దొరుకుతారు. మార్కులు పెరిగితే అది వ్యాయామం వల్లనా, కబుర్ల వల్లనా? 1,635 మందితో జరిగిన లైఫ్ అధ్యయనంలో రెండో గ్రూపుకు ఆరోగ్య పాఠాలు పెట్టారు. 2014లో ఫలితాలు వచ్చాయి: 400 మీటర్లు నడవలేని స్థితికి ఒక్కసారైనా చేరినవాళ్లు వ్యాయామం గ్రూపులో 30.1 శాతం, పాఠాల గ్రూపులో 35.5 శాతం. తీవ్రమైన అనారోగ్య ఘటనలు మాత్రం వ్యాయామం వైపే కాస్త ఎక్కువగా నమోదయ్యాయి, 49.4కు 45.7. ఆ తేడా యాదృచ్ఛికం కావచ్చు. కానీ తరచుగా కలిసేవాళ్ల కష్టాలే మన చెవిన ఎక్కువ పడతాయి. కాబట్టి రెండు గ్రూపులనూ నెలనెలా అవే ప్రశ్నలు, అదే తీరులో అడుగు. పడిపోయిన సంగతి ఆర్నెల్ల తర్వాత అడిగితే మర్చిపోతారు. ఏ రోజుకారోజు టిక్కు పెట్టే క్యాలెండర్ ఇచ్చి నెలాఖరుకు తెప్పించుకో.

నీ మీద కోపం కాదు అమ్మలూ. ఏడో పేజీలో ఆ ఒక్క వాక్యం కొట్టేసి, దాని స్థానంలో రాసింది నాకు పంపు. రెండు గళ్ల సమ్మతి పత్రం కూడా జతచెయ్యి, రాత్రికే చూస్తాను. బ్యాలెన్స్ పరీక్షలో పక్కన ఎవరు నిలబడతారో వాళ్ల పేరు కూడా రాయి.

మీ పెద్దమ్మ