రెండో జవాబు దాకా ఆగు

తమ్ముడూ,

నీ వ్యాసం డ్రాఫ్ట్ నిన్న రాత్రి ఒకసారి, పొద్దున్న లేచాక ఇంకోసారి చదివా. బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ గురించి అభిమానులకి బాగా గుర్తుండిపోయినవి పోగేసి రాద్దామనుకున్నావు చూడు, ఆ ఆలోచనే నాకు చాలా నచ్చింది. టైం కూడా ఇదే. 41 నిండాయి, 23వ సీజన్, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఇన్ని సీజన్లు ఇంకెవ్వరూ ఆడలేదు, ఇవాళ కాకపోతే రేపు ఆపేస్తాడని అందరికీ తెలుసు, తెలిసీ ఎవరూ పైకి అనరు. ఇంట్లో పెద్దవాళ్ళ విషయంలో ఎలా ఉంటామో అలాగే.

కానీ ఒకటి నేరుగా చెప్పాలి. నీ మొదటి పేజీ అంతా లెక్కలే. నాలుగు టైటిళ్ళు, నాలుగు ఎంవీపీలు (ఆ సీజన్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు), 40 వేలు దాటిన పాయింట్లు, ఆ కింద "ఒక శకం ముగియబోతోంది" అని ఒక వాక్యం. ఇవన్నీ నిజాలే, నేను కాదనను. కానీ 2016లో క్లీవ్‌లాండ్ టీం టైటిల్ గెలిచాక జరిగిన ఊరేగింపు రోజు ఆరేళ్ళ కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని నిలబడ్డ ఒకాయన నీతో అంతసేపు మాట్లాడాడని ఫోన్లో చెప్పావే, ఆయనకి డ్రాఫ్ట్‌లో ఒక్క లైన్ ఇచ్చావు. సగటు పాయింట్లకి పన్నెండు లైన్లు. నాకు బాధేసింది అక్కడ, ఎందుకంటే లెక్కలు ఎవరైనా రెండు నిమిషాల్లో వెతుక్కుంటారు, ఆయన మాత్రం నీకొక్కడికే దొరికాడు.

నేను క్లీవ్‌లాండ్ ఉన్న ఓహయో రాష్ట్రంలోనే, యాక్రన్ దగ్గర పదేళ్ళ పైన ఉన్నా, నీకు తెలుసు కదా. లెబ్రాన్ పుట్టి పెరిగిన ఊరు. అక్కడ మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవాడు, నాకన్నా ఇరవయ్యేళ్ళు పెద్ద. నేను కూడా ఒకప్పుడు నీలాగే అందర్నీ అడిగేవాణ్ణి, నీకు బాగా గుర్తున్న క్షణం ఏంటి అని. ఆయన్ని అడిగితే టక్కున "2016, గేమ్ సెవెన్, ఆ బ్లాక్" అన్నాడు, అంటే ఆ ఏడాది ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో అవతలివాడి షాట్‌ని లెబ్రాన్ గాల్లోనే కొట్టేయడం. సరే అని రాసుకున్నా. ఆ వారంలో నేను అడిగిన తొమ్మిది మందిలో ఏడుగురు అదే చెప్పారు మరి. మాటలు అయిపోయాయనుకుని లేచి కాఫీ తెచ్చుకోవడానికి వెళ్ళబోతుంటే ఆయన వెనక నుంచి, నా దగ్గర ఒక షర్ట్ ఉంది తెలుసా అన్నాడు.

2010 జులై 8. లెబ్రాన్ టీవీలో కూర్చుని క్లీవ్‌లాండ్ వదిలేసి మయామీ వెళ్తున్నానని చెప్పిన రాత్రి. ఊళ్ళో కొంతమంది అతని జెర్సీలు రోడ్డు మీద తగలబెట్టారు, అవి అందరూ చూసినవే. మా పెద్దాయనకి తగలబెట్టడానికి మనసొప్పలేదట, తన 23 నంబర్ షర్ట్ నల్ల చెత్త సంచిలో కుక్కేసి, మర్నాడు పొద్దున్న చెత్త బండికి వేద్దామని గరాజ్‌లో పెట్టి పడుకున్నాడు. పొద్దున్న సంచి వెళ్ళిపోయింది, ఆయన కథ అక్కడితో అయిపోయిందనుకున్నాడు. నాలుగేళ్ళ తర్వాత, 2014 జులై 11, లెబ్రాన్ తిరిగి వస్తున్నాడన్న వార్త వచ్చిన సాయంత్రం ఆయన ఇంటికొస్తే వంటింట్లో తన కుర్చీ వీపుకి ఆ షర్ట్ తగిలించి ఉంది. ఉతికి ఇస్త్రీ చేసి ఉంది. భార్య ఆ రాత్రే సంచిలోంచి తీసి, ఉతికి, చలి కోట్ల కింద దాచిందట నాలుగేళ్ళు. ఆవిడ ఏమీ అనలేదట, కంచం పెట్టి అన్నం తినమంది అంతే. మయామీలో అతను 6 వేసుకున్నాడు, మళ్ళీ వచ్చాక 23కే వెళ్ళాడు, కాబట్టి ఆ షర్ట్ పనికొచ్చింది. పొట్ట దగ్గర బిగుతుగా ఉన్నా ఆ సీజనంతా అదే వేసుకున్నానని చెప్తూ ఆయన తన చొక్కా అంచు పట్టుకుని కిందకి లాక్కున్నాడు, ఆ షర్ట్ అప్పుడు ఒంటి మీద ఉన్నట్టు.

చూడు, బ్లాక్ అన్నది ఆయన మొదటి జవాబు. అది టీవీ ఇచ్చిన జవాబు, వెయ్యిసార్లు రీప్లే వేస్తే మనందరి నోట్లోకి అదే వస్తుంది. షర్ట్ ఆయన రెండో జవాబు. నీ డ్రాఫ్ట్‌లో ఉన్నవన్నీ మొదటి జవాబులు తమ్ముడూ, నువ్వు రాసుకుని లేచి వచ్చేశావు. ఇంకాసేపు కూర్చో. ఆ మ్యాచ్ ఎవరితో కలిసి చూశారు, అయ్యాక ఎవరికి ఫోన్ చేశారు, మర్నాడు పనికి వెళ్ళారా, ఇవి అడుగు, అడిగి ఊరుకో. మధ్యలో నువ్వు చూసిన మ్యాచ్ గురించి చెప్పకు, ఆ పొరపాటు నేను చాలా ఏళ్ళు చేశా, మనం మొదలుపెడితే వాళ్ళు మర్యాదకి ఆపేస్తారు.

అలా అని ఆ బ్లాక్ రాయొద్దని కాదు, రాయాల్సిందే, కానీ మళ్ళీ చూసి రాయి. ఏడు మ్యాచ్‌ల ఫైనల్స్‌లో ఒక దశలో 3-1తో వెనకబడ్డ టీం, అవతల ఆ సీజన్లో 73 మ్యాచ్‌లు గెలిచిన గోల్డెన్ స్టేట్, ఓక్లండ్‌లో వాళ్ళ సొంత కోర్టు. స్కోర్ 89-89 దగ్గర ఇరుక్కుపోయింది, దాదాపు నాలుగు నిమిషాలు ఇటూ అటూ ఒక్క పాయింట్ లేదు, కాళ్ళు లేవట్లేదు ఎవరికీ. అప్పుడు గోల్డెన్ స్టేట్ ఆటగాడు ఇగుడాలా లేఅప్‌కి (బుట్ట దగ్గరికెళ్ళి బంతి వేయడానికి) లేస్తే వెనక నుంచి లెబ్రాన్ పరిగెత్తుకొచ్చి బంతిని బోర్డుకి కొట్టాడు. ఇంతవరకు అందరికీ గుర్తే. ఎవరికీ గుర్తులేనిది క్లీవ్‌లాండ్ ఆటగాడు జే ఆర్ స్మిత్. ఇగుడాలా ముందు అతను అడ్డం వెళ్ళాడు, అతన్ని తప్పించుకోవడానికి ఇగుడాలా గాల్లో బంతిని కొంచెం అటు జరపాల్సొచ్చింది, ఆ కాస్త ఆలస్యంలోనే లెబ్రాన్ చెయ్యి అందింది. ఇంకోటి, బ్లాక్‌తో మ్యాచ్ గెలవలేదు, అప్పటికింకా 1:50 నిమిషాల ఆట ఉంది, ఆ తర్వాత లెబ్రాన్ టీంలోని కైరీ ఇర్వింగ్ త్రీ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) వేస్తేనే స్కోర్ కదిలింది. జ్ఞాపకం ఈ మధ్యలోవన్నీ కోసేసి బ్లాక్‌ని తీసుకెళ్ళి కప్పు పక్కన పెట్టేస్తుంది. నువ్వు ఆ కోసేసిన ముక్కలు తిరిగి పెట్టు, చదివేవాళ్ళకి తాము చూసిన మ్యాచే కొత్తగా కనిపిస్తుంది.

ఇక్కడే నేను చేసిన ఒక తప్పు చెప్తా, ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది. 2009, ఓర్లాండోతో ఈస్ట్ ఫైనల్స్ (అది గెలిచినవాళ్ళే అసలు ఫైనల్‌కి) రెండో మ్యాచ్. ఒక్క సెకను మిగిలింది, క్లీవ్‌లాండ్ రెండు పాయింట్లు వెనక, లెబ్రాన్ బంతి అందుకుని ఓర్లాండో ఆటగాడు టర్కోగ్లు మీదుగా త్రీ వేశాడు, 96-95. ఒకతను నాకు ఆ షాట్ గురించి కళ్ళనీళ్ళతో చెప్పాడు, దాంతోనే మేం ఫైనల్‌కి వెళ్ళాం అన్నాడు, నేను అతని కళ్ళు చూసి నమ్మేసి అలాగే అచ్చేయించా. ఆ సిరీస్ క్లీవ్‌లాండ్ 4-2తో ఓడిపోయింది. చదివినవాళ్ళు పట్టుకున్నారు, నన్నంటే పడేవాణ్ణి, ఆ మనిషిని అబద్ధాలకోరు అన్నారు. అతను నాతో మళ్ళీ మాట్లాడలేదు. తప్పు అతనిది కాదు, అంత సంతోషం ఓటమితో ముగిసిందని మనసు ఒప్పుకోదు, చూసుకోవాల్సింది నేను. నేను ముందే చూసుకుని అతనికి చెప్పుంటే, అవునా, మేం ఓడిపోయామా అని అతను అనుండేవాడు, ఆ మాటే రాసుంటే ఎంత బాగుండేది. కాబట్టి తేదీ, స్కోర్, ఏ ఊళ్ళో ఆడారు, ఈ మూడూ ప్రతి ఒక్కరి దగ్గరా సరిచూసుకో. తప్పు దొరికితే కొట్టేయకు, వాళ్ళకే తీసుకెళ్ళి చూపించు.

కొందరు అసలు ఆట చూడనేలేదు, వాళ్ళని వదిలేయకు. నాకు తెలిసిన ఒక నర్సు ఉండేది, 2007 మే 31 రాత్రి డెట్రాయిట్‌తో ఈస్ట్ ఫైనల్స్ ఐదో మ్యాచ్ నడుస్తుంటే నైట్ డ్యూటీకి వెళ్తూ కార్లో రేడియో పెట్టుకుంది. రేడియో వ్యాఖ్యాత జో టేట్ గొంతు, క్లీవ్‌లాండ్ వాళ్ళకి ఏళ్ళ తరబడి ఆయనే కళ్ళు. హాస్పిటల్ పార్కింగ్‌లో బండి ఆపేసి దిగలేకపోయింది. ఓవర్‌టైమ్, మళ్ళీ ఓవర్‌టైమ్, ప్రతిసారీ ఒకటే పేరు, లెబ్రాన్, లెబ్రాన్, లెబ్రాన్. టీం ఆఖరి 30 పాయింట్లలో 29 అతనివే, చివరి 25 వరసగా అతనొక్కడివే, 109-107. అప్పటికి 22 ఏళ్ళ కుర్రాడు. ఆ లెక్క ఆవిడకి మర్నాడు పేపర్లో చూస్తేగానీ తెలియలేదు, కార్లో తెలిసిందల్లా ఇంకెవరి పేరూ వినపడట్లేదని. స్టీరింగ్ పట్టుకున్న వేళ్ళు నొప్పెట్టాయట. ఆ వీడియో ఇప్పటిదాకా చూడలేదు, చూడనంది, నా మ్యాచ్ నా దగ్గరుంది అంది. ఇలాంటి మనిషి దొరికితే ఆమె రేడియోలో విన్నదానికి మించి ఒక్క ముక్క కూడా కలపకు, నీకు వీడియో తెలుసు కదా అని డంకులూ లేఅప్‌లూ వర్ణించకు, ఆమెతో పాటు ఆ చీకటి కార్లోనే ఉండు.

ఇంకోటి, నీ లిస్టులో అందరూ క్లీవ్‌లాండ్, అతను తర్వాత ఆడిన లాస్ ఏంజెలెస్ వాళ్ళే. అతని చేతిలో ఓడినవాళ్ళని కూడా అడుగు. 2012 జూన్ 7, బోస్టన్‌లో ఈస్ట్ ఫైనల్స్ ఆరో మ్యాచ్, అది ఓడితే మయామీ ఇంటికే, ఆ రాత్రి లెబ్రాన్ 45 పాయింట్లు, 15 రీబౌండ్లు (గురి తప్పి తిరిగొచ్చిన బంతిని పట్టుకోవడం). ముఖంలో ఏ భావమూ లేదు. ఆ రోజు స్టేడియంలో ఉన్న బోస్టన్ మనిషికి అతను ఎలా కనపడి ఉంటాడు? ఇరవై ఏళ్ళు అతన్ని తిట్టుకున్నవాళ్ళు ఇప్పుడు వెళ్ళిపోతున్నాడంటే ఏమనుకుంటున్నారో నాకు నిజంగా వినాలనుంది, అభిమానులు చెప్పలేనిది వాళ్ళు చెప్తారు.

భాష గురించి రెండు మాటలు. "జేమ్స్ గారు పాయింట్లు సాధించారు" అని రాశావు ఒకచోట, తీసేయ్. మనం ఆటగాళ్ళని కొట్టాడు, వేశాడు, గెలిపించాడు అనే అంటాం, అది అమర్యాద కాదు, మనవాడు అనుకున్నప్పుడే ఆ "డు" వస్తుంది. బ్లాక్‌ని బ్లాకే అను, రీబౌండ్‌ని రీబౌండే అను, కొత్త తెలుగు మాటలు పుట్టిస్తే ఆట తెలిసినవాడికీ అర్థం కాదు తెలియనివాడికీ అర్థం కాదు. నభూతో నభవిష్యతి లాంటివి కూడా వద్దు, వాటిని చదివేవాళ్ళ కళ్ళు దాటేసి వెళ్ళిపోతాయి. ముఖ్యంగా "ఆడేవాడు" అని రాయకు. ఇంకా ఆడుతున్నాడయ్యా! నీ వ్యాసంలో సగం వాక్యాలు సంతాప సభలో చదివినట్టున్నాయి. మొన్న 2025 డిసెంబర్ 4న టొరంటోలో ఏం జరిగిందో చూడు. 2007 జనవరి నుంచి వరసగా 1297 రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌లు (ప్లేఆఫ్స్ కాకుండా) ప్రతిదాంట్లో కనీసం 10 పాయింట్లు, ఆ రాత్రి 8 దగ్గర ఉన్నాడు, స్కోర్ సమం, ఆఖరి సెకన్లు, బంతి అతని దగ్గరికే వచ్చింది. వేసుకోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. మూల ఖాళీగా ఉన్న తోటి ఆటగాడు హచిమురాకి ఇచ్చేశాడు, అతను త్రీ వేశాడు, టీం గెలిచింది, పద్దెనిమిదేళ్ళ పైబడిన రికార్డు అక్కడ ఆగిపోయింది. కుర్రాడిగా ఉన్నప్పుడు ఇలా పాస్ ఇచ్చినందుకే తిట్లు తిన్నాడు, ధైర్యం లేదన్నారు. ఇప్పుడూ అదే పాస్. నన్నడిగితే నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే, కప్పులకన్నా ఇష్టం, ఎందుకో నేనే ఇంకా సరిగా రాయలేకపోతున్నా.

పొడవు గురించి అడిగావు. ఇరవై మంది అక్కర్లేదు, ఐదుగురు చాలు, ఒక్కొక్కరికీ కాళ్ళు చాపుకునేంత చోటివ్వు. లెక్కలన్నీ ఎక్కడ ఎవరి కథకి పనికొస్తే అక్కడ పెట్టు, మిగిలితే పారేయ్.

ముందు ఆ భుజాల మీద పాపాయి ఆయనకి మళ్ళీ ఫోన్ చెయ్. ఆ రోజు క్లీవ్‌లాండ్ వీధుల్లో పది లక్షల పైన జనం, 52 ఏళ్ళ తర్వాత ఆ ఊరికి ఒక టైటిల్, అంతమందిలోంచి పిల్లని ఎత్తుకుని ఇంటికెలా చేరాడో అడుగు, మంచినీళ్ళు దొరికాయా, కారు ఎక్కడ పెట్టాడు, ఎంతసేపు నడిచాడు. ఆ పాపకిప్పుడు పదహారేళ్ళు వస్తుంటాయి. భుజాల మీదున్నది ఆమె, అందరికన్నా ఎత్తులోంచి చూసింది. నాన్న ఒప్పుకుంటే ఆమెతో కూడా మాట్లాడు, ఏం కనపడిందో ఆమెనే చెప్పనీ.

ఉంటా,
మీ అన్న