టెక్ సందేహాలు: గేమింగ్ కేఫ్‌కి కొత్త గ్రాఫిక్స్ కార్డులు కావాలా?

కూకట్‌పల్లిలో చిన్న గేమింగ్ కేఫ్ నడుపుతున్నాను. 8 సిస్టమ్స్ ఉన్నాయి. అన్నింట్లో జీటీఎక్స్ 1060 6 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్. ఒకప్పుడు వచ్చినవాళ్లంతా చివరిదాకా బతికినవాళ్లే గెలిచే బ్యాటిల్ రాయల్ గేములు అడిగేవారు. ఇప్పుడు ఒకరు హీరో షూటర్ అంటారు, ఇంకొకరు ఎక్స్‌ట్రాక్షన్ షూటర్ అంటారు. కార్డులన్నీ మార్చేయాలా?

తొందరపడకండి. గాలి మారిన ప్రతిసారీ కార్డులు మారుస్తూ పోతే షాపు అద్దె కూడా మిగలదు.

2017లో పబ్‌జీ, ఫోర్ట్‌నైట్ వచ్చాక పెద్ద కంపెనీలన్నీ బ్యాటిల్ రాయల్ వెంట పడ్డాయి. ఆ గేమ్‌కి మ్యాచ్‌కి వంద మంది దాకా కావాలి. అంత జనం ఎప్పుడూ ఉండేది రెండు మూడు గేముల్లోనే. యూబీసాఫ్ట్ తెచ్చిన హైపర్ స్కేప్ 2020 ఆగస్టులో వచ్చి 2022 ఏప్రిల్‌లో మూతపడింది. మన దగ్గరైతే ఆ జనం ఫోన్లోకి వెళ్లిపోయారు. పబ్‌జీ మొబైల్‌ని నిషేధించారు, దాని బదులు 2021లో దాని భారత్ వెర్షన్ బీజీఎంఐ వచ్చింది. మెట్రోలో నాలుగు స్టేషన్లు వెళ్తే ఎవరో ఒకరు ఆడుతూ కనిపిస్తారు. వాళ్లు గంటకింత అని కట్టి మీ కేఫ్‌కి ఎందుకు వస్తారు?

హీరో షూటర్లంటే ఒక్కో శక్తి ఉన్న హీరోని ఎంచుకుని కాల్చుకునే గేములు. వాటి సంగతి మరీ విచిత్రం. సోనీ వారి కాంకర్డ్ 2024 ఆగస్టు 23న విడుదలై సెప్టెంబరు 6న ఆగిపోయింది. ఇక ఈ జానర్ (గేమ్ రకం) పనైపోయిందన్నారు. డిసెంబరులో మార్వెల్ రైవల్స్ వచ్చి మూడు రోజుల్లో కోటి మందిని లాక్కుంది. ఒకటి 40 డాలర్లు, రెండోది ఉచితం, పైగా అందరికీ తెలిసిన హీరోలు. నన్నడిగితే జానర్ పేరు చూసి పెట్టుబడి పెట్టడమే తప్పు.

ఎక్స్‌ట్రాక్షన్ అంటే దొరికిన సామాను మూటగట్టుకుని ప్రాణాలతో బయటపడాలి. మధ్యలో చస్తే ఉన్నదంతా పోతుంది. 2025 అక్టోబరులో వచ్చిన ఆర్క్ రైడర్స్ ఇప్పుడు బాగా నడుస్తోంది. దానికి కనీసం జీటీఎక్స్ 1050 టీఐ చాలు. రైవల్స్ కనీసం అడిగేది సరిగ్గా మీ దగ్గరున్న కార్డే, అంతే ర్యామ్. సెట్టింగ్స్ తగ్గిస్తే రెండూ ఆడతాయి. ఆర్క్ రైడర్స్ మాత్రం డబ్బు పెట్టి కొనాలి, కాబట్టి సొంత అకౌంట్ ఉన్న కస్టమరే ఆడగలడు.

లీథల్ కంపెనీ, పీక్ లాంటి నలుగురు స్నేహితుల గేములు కూడా జోరుగా ఉన్నాయి. వాటి కోసం కేఫ్‌లో ఖర్చు పెట్టకండి. గేమ్‌లో దూరం వెళ్లేకొద్దీ స్నేహితుడి గొంతు తగ్గిపోవడమే వాటిలో మజా. పక్క కుర్చీలో కూర్చుని వాడే కేకలు పెడుతుంటే ఇంకేం భయం!

కేఫ్‌కి జనాన్ని తెచ్చేది ఇప్పటికీ అయిదుగురు అయిదుగురుగా ఆడే వాలొరంట్, కౌంటర్ స్ట్రైక్ 2. కాలేజీ బ్యాచ్ పది మంది వస్తే మీ దగ్గర ఇద్దరు నిలబడాలి. కార్డుల డబ్బుతో రెండు సిస్టమ్స్ వేసి పది చేయండి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో వాడిన కార్డులు దొరుకుతాయి; షాపులోనే పెట్టి అరగంట గేమ్ నడిపించి చూశాకే డబ్బివ్వండి.

మా అబ్బాయి కొన్న గేమ్ సర్వర్లు మూసేస్తారట. డబ్బు తిరిగొస్తుందా? (మియాపూర్ నుంచి ఒక తల్లి)

కంపెనీ దయ అమ్మా. కాంకర్డ్ కొన్నవాళ్లకి సోనీ మొత్తం వెనక్కిచ్చింది. 2014 నాటి కార్ల రేసింగ్ గేమ్ ద క్రూ సర్వర్లను 2024 మార్చి 31న ఆపేశారు, అప్పటినుంచి కొన్నవాళ్లూ ఆడలేకపోయారు. పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ షాపు స్టీమ్‌లో అయితే కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకుంటే రిఫండ్ అడగవచ్చు. ఆన్‌లైన్‌లోనే ఆడే గేమ్‌లో స్కిన్లకి (పాత్రల, ఆయుధాల వేషాలకి) పెట్టిన డబ్బు మాత్రం పోయినట్టే అనుకోండి.

విండోస్ 11 వేశాక వాలొరంట్‌లో వీఏఎన్ 9003 అని ఎర్రర్ వస్తోంది. (నిజాంపేట విద్యార్థి)

కంప్యూటర్ లేచేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే రానిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో లేదని అర్థం. విండోస్, ఆర్ కీలు కలిపి నొక్కి ఎంఎస్ఇన్ఫో32 (msinfo32) అని ఇంగ్లిష్‌లో కొట్టండి. బయోస్ మోడ్ దగ్గర యూఈఎఫ్ఐ (కొత్త పద్ధతి) అని ఉంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్, అంటే బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆన్ చేస్తే సరి. లెగసీ (పాత పద్ధతి) అని ఉంటే ఆగండి: డిస్క్‌ని పాత అమరిక ఎంబీఆర్ నుంచి కొత్త అమరిక జీపీటీకి మార్చకుండా బయోస్ మారిస్తే విండోస్ లేవదు. ఏది చేసినా ముందు ఫైళ్లు బ్యాకప్ తీసుకోండి, డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ రాసిపెట్టుకోండి.